మూస నుంచి వెండి మన్ను దాకా: వెండిపనిలో ఆరంభం గురించి ఒక చారిత్రక పరిశీలన

1. ప్రస్తావన

తెలుగు సాహిత్యవిమర్శ నిత్యం వాడే మాటలలో కొన్ని కంసాలి కుంపటి దగ్గర పుట్టినవి. రచన విలువను తేల్చే ప్రమాణాన్ని గీటురాయి అంటాం. చెప్పిన తీరులోనే మళ్ళీ మళ్ళీ చెప్పే కథను మూస కథ అంటాం. శైలికి మెరుగుపెట్టాలంటాం. పద్యంలో పదం పొదిగినట్లుందంటాం. కష్టాలకు తట్టుకొని నిలిచిన మనిషిని పుటంపెట్టిన బంగారంతో పోలుస్తాం. ఈ మాటలన్నీ విమర్శలో సజీవంగా ఉన్నాయి. వీటికి ఆధారమైన పనిముట్టును, పనిని కళ్ళారా చూసినవారి సంఖ్య మాత్రం తరతరానికీ తగ్గుతున్నది. ఉపమేయం నిలిచి ఉపమానం కనుమరుగవుతున్న స్థితి ఇది.

ఇదే కాలంలో వెండిపనిలోకి ఒక కొత్త పదార్థం ప్రవేశించింది. అత్యంత సూక్ష్మమైన వెండి పొడిని కాలిపోయే స్వభావం గల ఒక బంకతోనూ నీటితోనూ కలిపి చేసిన మెత్తని ముద్ద అది. దానిని చేతితో మెదిపి, ఆకృతి ఇచ్చి, ఆరబెట్టి, కాలిస్తే బంక పోయి అచ్చమైన వెండి వస్తువు మిగులుతుంది. ఈ వ్యాసంలో దానిని ‘వెండి మన్ను’ అని వ్యవహరిస్తున్నాను. ఈ పేరులోని ఔచిత్యాన్ని 7వ భాగంలో చర్చించాను.

వెండి మన్నును కేవలం కొత్త సాధనంగా చూస్తే దాని చారిత్రక ప్రాధాన్యం అందదు. వెండిపని నేర్చుకొనేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు అది వేరొక సమాధానం ఇచ్చింది. సంప్రదాయంలో ఆరంభం నిప్పు దగ్గర. వెండి మన్నులో ఆరంభం మట్టి దగ్గర, ముగింపు నిప్పు దగ్గర. ఈ తారుమారు వల్ల ఎవరు ఈ పనిలోకి రాగలరు, ఏ మాటలతో రాగలరు అన్న రెండు ప్రశ్నలు పుడుతున్నాయి. వాటిని కనిగిరి పరిసరాల చారిత్రక నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మెట్టసీమలో వెండి

కనిగిరి తాలూకా ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోని మెట్టభాగం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు తాలూకాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుంచి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. పరిపాలన రీత్యా వేర్వేరు జిల్లాల నుంచి వచ్చినా ఈ పశ్చిమభాగానికంతా ఉమ్మడి లక్షణం ఒకటుంది. వాననే నమ్ముకొన్న సేద్యం, తరచుగా వచ్చే కరువు.

ఊరి పేరుకు కనకగిరి అన్న సంస్కృత రూపం ఉంది. పేరులో కనకం ఉన్నా మెట్టపల్లెలలోని సామాన్య కుటుంబాలకు చేతికందిన లోహం వెండి. కాళ్ళకు కడియాలు, అందెలు, పట్టీలు, వేళ్ళకు మట్టెలు, చేతులకు మురుగులు, దండకడియాలు, నడుముకు మొలతాడు, పసిపిల్లలకు రావిరేక, గజ్జెలు. బంగారాన్ని పాదాలకు ధరించరాదన్న ఆచారం వల్ల స్థితిమంతుల ఇళ్ళలోనూ కాలి నగ వెండిదే అయింది. తండాలలోని లంబాడీ స్త్రీల అలంకరణలోనూ వెండికి, నాణేలు గుచ్చిన హారాలకు పెద్ద స్థానం ఉంది.

ఈ నగలు అలంకారాలు మాత్రమే కావు. 1818లో మద్రాసు రాజధానిలో బంగారు వరహా స్థానాన్ని వెండి రూపాయి ఆక్రమించింది. 1835 నుంచి బ్రిటిషు ఇండియా అంతటా ఒకే రూపాయి చెలామణి అయింది. దాని తూకం 180 గ్రెయినులు, అంటే సరిగ్గా ఒక తులం, సుమారు 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. అందువల్ల రైతు చేతిలోని రూపాయి ఏకకాలంలో నాణెం, తూకపురాయి, ముడిసరుకు కూడా. ఎన్ని రూపాయలు కరిగిస్తే అన్ని తులాల కడియం. పంట పండిన ఏడు రూపాయి కడియమయ్యేది. ఎండిన ఏడు కడియం మళ్ళీ రూపాయయ్యేది.

ఈ రెండో ప్రయాణం ఎంత విషాదకరమో 1876–78 నాటి ధాత కరువు చూపింది. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు మెట్టప్రాంతాలను ఆ కరువు పీడించింది. దక్షిణ, పశ్చిమ భారతాల కరువు జిల్లాల నుంచి వెండి నగలు పెద్ద ఎత్తున బొంబాయి టంకశాలకు చేరాయి. ఒంటి మీది లోహాన్ని ధాన్యంగా మార్చుకోవలసిన అవసరం ఏర్పడినప్పుడు నగకు పనితనం వల్ల వచ్చిన విలువ పోయి, తూకం విలువ మాత్రమే మిగులుతుంది. మెట్టసీమ స్త్రీలు గట్టి కడియాన్ని ఇష్టపడటంలో అభిరుచితో పాటు ఈ ఎరుక కూడా ఉంది. 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించడంతో, 1947లో నికెల్ రూపాయి రావడంతో నాణేనికీ నగకూ మధ్య ఉన్న ఆ పాత బంధం తెగిపోయింది.

3. కంసాలి పనిలో మన్ను స్థానం

పాంచాలురుగా పేరుపొందిన కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి వృత్తులలో కంసాలిది అతి చిన్న తూకాల పని. అతనికే అగసాలి అని మరొక పేరు. అర్థశాస్త్రంలో బంగారు, వెండి పనులు జరిగే రాజకీయ కర్మాగారానికి అక్షశాల అని పేరు. అగసాలి, అక్కసాల వంటి రూపాలను పండితులు ఆ మాటతో ముడిపెడతారు.

ఈ వృత్తిలో మన్ను లేకపోలేదు. అయితే దాని స్థానం లోహానికి వెలుపల. లోహాన్ని కరిగించే మూస మట్టిది. మట్టిని ఊకతోనూ బొగ్గుపొడితోనూ కలిపితే అది వేడికి పగలకుండా నిలుస్తుంది. కుంపటి మట్టిది. పోతపోసే అచ్చు పైపూత కూడా మట్టిదే. లోహం ద్రవమై ప్రవహించేటప్పుడు దానిని పట్టి ఉంచడం మన్ను చేసే పని. పని పూర్తయ్యాక మూసను పక్కన పెడతారు, అచ్చును పగలగొడతారు. వస్తువులో మన్ను ఆనవాలు మిగలదు. సంస్కృత ‘మూషా’ శబ్దం నుంచి వచ్చిన మూసకు నిఘంటువులు చెప్పే తొలి అర్థం లోహాన్ని కరిగించే పాత్ర. పోసినదానికి తన ఆకారాన్నే ఇచ్చే గుణాన్ని బట్టి ‘మార్పులేని నమూనా’ అన్న నేటి అర్థం విస్తరించింది.

మెత్తని పదార్థంతో ముందు ఆకృతి చేసుకొని, ఆపైన దానిని లోహంగా మార్చుకోవాలన్న కోరిక కొత్తది కాదు. మధూచ్ఛిష్ట విధానం అనే మైనపు పోత ఆ కోరికకు పాత సమాధానం. బొమ్మను మైనంతో చేసి, మట్టితో పొదివి, వేడిచేసి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహాన్ని పోస్తారు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో ఈ విధానం వివరంగా ఉంది. మైనం ఎత్తుకు 12 రెట్లు వెండి, 16 రెట్లు బంగారం తీసుకోవాలని అందులోని లెక్క. మైనం కంటే వెండి సాంద్రత సుమారు 11 రెట్లు ఎక్కువ. పోత కాలువలో నిలిచిపోయే లోహాన్ని కలుపుకొంటే 12 రెట్లన్నది అనుభవం మీద తేల్చిన సరైన సంఖ్య. చేయబోయే వస్తువు తూకాన్ని చేయకముందే తెలుసుకోవడం ఈ విద్యకు ప్రాణం. ఇలాంటి ముందులెక్కే వేరొక రూపంలో వెండి మన్నులోనూ అవసరమవుతుంది.

మైనపు పోతలో మైనం పోయి దాని స్థానంలోకి లోహం వస్తుంది. మెత్తని పదార్థమే లోహంగా మారదు. మెత్తదనానికీ లోహానికీ మధ్య మన్ను అడ్డుగోడగా నిలుస్తుంది. ఆ గోడ లేకుండా చేయడమే 20వ శతాబ్ది చివరి నూతనత్వం.

4. నిప్పు దగ్గర మొదలైన చదువు

సంప్రదాయ శిక్షణలో శిష్యుడి తొలి పాఠం నగ కాదు, మంట. కుంపటి ఊదడం, బొగ్గుల రంగును బట్టి వేడిని గుర్తించడం, ఊదుగొట్టంతో మంటను ఒక బిందువు మీదికి మళ్ళించడం ముందు రావాలి. తరువాత దాగలి మీద సాగగొట్టడం, కమ్మచ్చు రంధ్రాల గుండా తీగను లాగడం, ఆకురాయితో రాయడం. వెలిగారం వేసి టంకంతో అతకడం ఆ తరువాతి మెట్టు. తీగ వెండికీ టంకానికీ కరిగే వేడిలో తేడా కొద్దిపాటిదే కావడంతో, క్షణం ఆలస్యమైతే అతుకుతో పాటు నగ కూడా కరిగిపోతుంది. కరీంనగర్ వెండి తీగపని చూస్తే ఈ నేర్పు విలువ తెలుస్తుంది. సన్నని తీగలను మెలిపెట్టి, చట్రంలో అమర్చి, వెలిగారమూ టంకపు పొడీ చల్లి ఒక్క ఊపులో అతికే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ క్రమానికి రెండు ఫలితాలున్నాయి. చేతికి లోహస్వభావం పూర్తిగా తెలియడం మొదటిది. శిక్షణకు ఏళ్ళు పట్టడం, అది తండ్రి నుంచి కొడుకుకు సాగడం, కుంపటి ముందు కూర్చునే అవకాశం పుట్టుకతోనూ పురుషుడికే ముడిపడటం రెండవది. విద్య లోతుగా ఉంది, దాని ద్వారం ఇరుకుగా ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే వృత్తిచరిత్ర పొగడ్తగానో నిందగానో మిగులుతుంది.

స్వతంత్ర భారతంలో ఈ వృత్తికి తగిలిన పెద్ద దెబ్బ బంగారు నియంత్రణ. 1963 జనవరిలో వచ్చిన నిబంధనలు 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయడాన్ని నిషేధించాయి. మేలిమి పనికి అలవాటుపడిన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. దేశమంతటా స్వర్ణకార కుటుంబాలు వీధినపడ్డాయి, ఆత్మహత్యలు జరిగాయి. కొన్ని సడలింపుల తరువాత 1968లో చట్టంగా స్థిరపడిన ఈ నియంత్రణ 1990లో రద్దయింది. దాదాపు మూడు దశాబ్దాల ఆ కాలంలో కొడుకులను వేరే పనులకు పంపిన కుటుంబాలలో శిక్షణ గొలుసు తెగింది. గొలుసుతో పాటు మాటలూ తెగాయి. రద్దు తరువాత పని తిరిగివచ్చినా అందులో పెద్ద భాగం యంత్రాలకు, అచ్చుపోత కర్మాగారాలకు వెళ్ళింది. చిన్న పట్టణాల కంసాలికి మరమ్మతులు, మెరుగు, తాకట్టు సరుకు పరీక్ష వంటి పనులు మిగిలాయి.

5. వెండి మన్ను పుట్టుక

బంగారు నియంత్రణ చట్టం రద్దయిన 1990లోనే జపానులో మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ శాస్త్రజ్ఞుడు మసాకీ మోరికావా వెండి మన్నును రూపొందించాడు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కానీ తెలుగు చరిత్రకారుడికి ఈ సమకాలికత గమనించదగినది. ఒకచోట పాత విద్య కోలుకోవడానికి ప్రయత్నిస్తున్న సమయంలోనే మరొకచోట ఆ విద్యకు వేరొక ద్వారం తెరుచుకుంటున్నది. స్వల్పకాలంలోనే అయిదా కెమికల్ ఇండస్ట్రీస్ అనే మరొక జపాను సంస్థ తన సొంత రకాన్ని విపణిలోకి తెచ్చింది. 1990ల నడుమ ఈ పదార్థం అమెరికాకు చేరింది. 2008లో అక్కడ బిల్ స్ట్రూవ్ కంచు మన్నును ప్రవేశపెట్టాడు.

దీని వెనుక ఉన్న సూత్రం సరళమైనది. వెండి కరిగే ఉష్ణోగ్రత సుమారు 962 డిగ్రీల సెల్సియస్. పొడి ఎంత సూక్ష్మమైతే అంతకంటే అంత తక్కువ వేడిలోనే దాని కణాలు తాకిన చోటల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. వస్తువు కరగదు, ఆకారం చెదరదు, కానీ రేణువుల సమూహం ఒకే లోహపుముక్క అవుతుంది. తొలి రకాన్ని సుమారు 900 డిగ్రీల వద్ద 2 గంటలు కాల్చవలసివచ్చేది. తరువాత వచ్చిన రకాలకు 650 డిగ్రీల వద్ద అరగంట చాలు. మేలిమి వెండినే ఎన్నుకోవడానికీ కారణముంది. కాల్చినప్పుడు స్వచ్ఛమైన వెండి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నల్లబడదు. రాగి కలిసిన లోహం మసిబారుతుంది. అందుకే కంచు మన్నును బొగ్గుపొడిలో కప్పి కాలుస్తారు.

6. ఆరంభకుడి పని క్రమం

వెండి మన్నుతో పని మొదలుపెట్టేవాడు అనుసరించే క్రమాన్ని మన పదాలతో చెప్పుకొంటే అది ఎంత పరిచితమో తెలుస్తుంది. పిల్లల తలకు పెట్టే రావిరేకను ఉదాహరణగా తీసుకుందాం.

అరచేతికి చుక్క నూనె రాసుకొని ముద్దను మెదపాలి. సమానమైన మందం గల రెండు బద్దల మధ్య ఉంచి అప్పడంలా ఒత్తితే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందంలో పలక వస్తుంది. దాని మీద నిజమైన రావి ఆకును అడుగువైపు నుంచి అద్దితే ఈనెలన్నీ దిగుతాయి. కొనదేలిన కత్తితో అంచు కోసి, కొక్కెం కోసం రంధ్రం పెట్టి ఆరనివ్వాలి. లోపల తడి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ముక్కను అద్దం మీద కాసేపు ఉంచితే చాలు. తడి ఉంటే అద్దం మసకబారుతుంది. ఆరిన ముక్కను ఆకురాయితో, గరుకు కాగితంతో సరిచేసుకోవచ్చు. రాలిన పొడిని నీటితో కలిపి పలుచని ముద్దగా చేస్తే అదే అతుకు పెట్టడానికి పనికివస్తుంది. కంసాలి అంగడిలో తరుగు పేరుతో లెక్కకెక్కే నష్టం ఇక్కడ దాదాపు ఉండదు.

కాల్చడానికి ముందు ఒక లెక్క వేసుకోవాలి. బంక, నీరు పోవడంతో వస్తువు కుదించుకుపోతుంది. తొలి రకంలో ఈ కుదింపు 28 శాతం దాకా ఉండేది. తక్కువ వేడికి కాలే నేటి రకాలలో 8 నుంచి 12 శాతం. 10 శాతం కుదింపు గల మన్నుతో 20 మిల్లీమీటర్ల రేక కావాలంటే ముద్దలో 22 మిల్లీమీటర్లకు పైగా కోసుకోవాలి. మానసోల్లాసకారుడు మైనాన్ని తూచి వెండిని లెక్కించినట్లే ఈనాటి ఆరంభకుడు కొలతను పెంచి మన్నును కోస్తాడు. మట్టె చేసేటప్పుడు ఈ లెక్క తప్పితే వేలికి పట్టదు.

చిన్న వస్తువును కొలిమి లేకుండా బ్యూటేన్ గ్యాసు మంటతోనూ కాల్చవచ్చు. మొదట బంక మండి పొగ, చిన్న జ్వాల వస్తాయి. అందువల్ల గాలి ఆడేచోట, మంటకు తట్టుకొనే ఇటుక మీద పని చేయాలి. తరువాత వస్తువు నారింజరంగులో ప్రకాశిస్తుంది. ఆ రంగును కొన్ని నిమిషాలు నిలపాలి. ఉపరితలం అద్దంలా తళుక్కుమంటే కరగడం మొదలైందని గుర్తు. వెంటనే మంట తీయాలి. బొగ్గుల రంగును బట్టి వేడిని గుర్తించే పాత పాఠం ఇక్కడ చివరి పాఠంగా తిరిగివస్తుంది.

కాల్చి తీసిన వస్తువు సుద్దలా తెల్లగా ఉంటుంది. ‘తెలుపు’ను చెప్పే ద్రావిడ ధాతువు నుంచే వెండికి ఆ పేరు వచ్చిందన్న విషయం భాషాశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఉపరితలంలోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళు కాంతిని చెదరగొట్టడం ఈ తెల్లదనానికి కారణం. సబ్బునీటితో తడిపి ఇత్తడి కుంచెతో రుద్దితే కాంతి వస్తుంది. కంసాలి కుంకుడు నురుగుతో, అదే కుంచెతో చేసే పని ఇదే. నునుపైన ఉక్కుకడ్డీతో ఒత్తి రాస్తే మెరుగు పూర్తవుతుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. కణాలు అతికిన వస్తువులో సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి కాబట్టి పోతపోసిన లేదా సాగగొట్టిన వెండి అంత గట్టిదనం రాదు. మేలిమి వెండి స్వభావరీత్యా కూడా మెత్తనిది. నిత్యం నేలకు, రాతికి తగిలే కాలి కడియానికి ఇది తగదు. ధర కూడా కేవలం వెండి ధర కంటే చాలా ఎక్కువ. కొనేటప్పుడు పదార్థ తయారీకీ డబ్బు చెల్లిస్తాం, కరిగించి అమ్మేటప్పుడు వచ్చేది లోహం ధరే. రెండవ భాగంలో చెప్పిన మెట్టసీమ లెక్కతో చూస్తే వెండి మన్ను నగ పొదుపు కాదు. రావిరేక, పతకం, దేవుడి ముడుపుకు చేసే చిన్న కన్ను, చిన్న పాదం వంటివాటికి అది తగినది. తూకం విలువ ప్రధానమైన చోట కంసాలి, ఆకృతి విలువ ప్రధానమైన చోట వెండి మన్ను పనివాడు నిలుస్తారు. కాబట్టి కొత్తది పాతదానిని తుడిచిపెడుతుందన్న భయానికి ఆధారం లేదు.

7. పదాల ప్రశ్న

ఈ పదార్థానికీ పనికీ తెలుగులో పేర్లు స్థిరపడలేదు. స్థిరపరచడంలో పాత వృత్తిపదాలు ఎంతవరకు ఉపకరిస్తాయి?

‘వెండి ముద్ద’ సహజంగా తోచే పేరు. కానీ వాడుకలో ఆ మాటకు కరిగించి తీసిన గట్టి వెండి గడ్డ అన్న అర్థం ఉంది. ‘వెండి పిండి’ పొడిని సూచిస్తుందే గాని మెదిపే గుణాన్ని సూచించదు. ‘లోహమృత్తిక’ గ్రాంథికంగా సరైనదే, పనిచేసే చేతికి దూరం. ‘వెండి మన్ను’ అంటే ఆ పదార్థం ప్రవర్తన వెంటనే తెలుస్తుంది. అందులోని సూక్ష్మమైన పొడికి, ఆకురాయి కింద రాలే లోహచూర్ణానికి ఉన్న ‘రజను’ అన్న మాట సరిపోతుంది.

కాల్చడాన్ని ఏమనాలి? పుటం అందామనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. స్వర్ణకారుడి పుటం మలినాన్ని తొలగించేది. వైద్యుడి పుటం లోహాన్ని భస్మం చేసేది. రెండవదానికి ఈ ప్రాంతంతో దగ్గరి సంబంధమే ఉంది. రసశాస్త్ర గ్రంథాలలో శ్రీశైల పరిసరాలు సిద్ధస్థలాలుగా వర్ణితమయ్యాయి. ఆ క్షేత్రానికి తూర్పు ద్వారంగా చెప్పే త్రిపురాంతకం ఈ ప్రాంతంలోనిదే. రజతభస్మం చేసే పుటంలో వెండి తన లోహత్వాన్ని వదిలి పొడి అవుతుంది. వెండి మన్నులో పొడి తిరిగి లోహత్వాన్ని పొందుతుంది. నిప్పు ఒకటే, ప్రయాణాలు రెండూ ఎదురెదురు. శుద్ధి, భస్మీకరణం అన్న అర్థాలు నిండిన పుటాన్ని ఇక్కడ వాడితే అర్థం చెదురుతుంది. కుమ్మరి వాడే ‘కాల్పు’ మేలు. అతడు ఆములో కుండను కాల్చినప్పుడు జరిగేదీ కణాలు అతికి గట్టిపడటమే.

ఈ పదచర్చ మరొక విషయాన్ని బయటపెడుతుంది. మెదపడం, ఒత్తడం, ఆరబెట్టడం, కాల్చడం కుమ్మరి మాటలు. ఆకురాయి, రజను, అతుకు, మెరుగు, పొదగడం కంసాలి మాటలు. వెండి మన్ను కుమ్మరి చేతితో మొదలై కంసాలి చేతితో ముగుస్తుంది. సామాజికంగా వేరుగా ఉన్న రెండు వృత్తుల పదజాలాలు ఒకే పనిలో కలుస్తున్నాయి. ఇతర భాషల నుంచి అరువు తెచ్చుకోవలసిన మాటలు నిజానికి చాలా తక్కువ.

అచ్చు అన్న మాటనూ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కృష్ణదేవరాయల తామ్రశాసనాలను చెక్కిన మల్లన కుమారుడు వీరణాచార్యుడు తనను త్వష్టగా పేర్కొన్నాడు. గట్టి రేకు మీద ఉలితో అక్షరాన్ని చెక్కిన చేయి అది. అక్కడ తప్పు పడితే రేకును సాపుచేసి మళ్ళీ చెక్కాలి. వెండి మన్నులో అక్షరం చెక్కడం కాదు, అద్దడం. నచ్చకపోతే తడిపి, మెదిపి, మళ్ళీ అద్దవచ్చు. మార్కాపురం పలక మీద తరతరాల పిల్లలు ఓనమాలు దిద్దింది ఇలాగే. కాల్పుదాకా వెండి మన్ను ఆరంభకుడికి పలక. తప్పు చేసే స్వేచ్ఛ ఉన్నచోట నేర్చుకొనేవారి సంఖ్య పెరుగుతుంది. ఇంటి బల్ల మీద, తక్కువ పనిముట్లతో మొదలుపెట్టగలగడం వల్ల వృత్తికుటుంబాలకు వెలుపలివారికి, ముఖ్యంగా స్త్రీలకు, ఇందులో ప్రవేశం సులువైంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే విషయాలు మూడు. మన్ను వెండిపనిలో ఎప్పుడూ ఉంది. లోహాన్ని పట్టి ఉంచే పాత్ర నుంచి లోహంగా మారే పదార్థం స్థానానికి రావడం 1990 నాటి మార్పు. ఈ మార్పు వల్ల శిక్షణ ద్వారం వెడల్పయింది, కానీ లోహాన్ని సాగగొట్టి, తీగలాగి, అతికే లోతైన విద్యకు ఇది ప్రత్యామ్నాయం కాదు. కొత్త పనికి కావలసిన పదాలలో అధికభాగం మన కుమ్మరి, కంసాలి వాడుకలలోనే సిద్ధంగా ఉన్నాయి.

మూడవ విషయం మన శాఖలకు ఒక బాధ్యతను కూడా అప్పగిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం పని, పదాన్ని దాని పనిముట్టుతో, చేతికదలికతో సహా నమోదు చేయాలని నేర్పింది. కనిగిరి, పామూరు, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు పట్టణాలలో కుంపటి మీద ఇంకా పనిచేస్తున్న పెద్దల వాడుకను ఆ పద్ధతిలో, దృశ్యంతోనూ ధ్వనితోనూ నమోదు చేయవలసిన సమయమిది. 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం గుర్తించిన 18 వృత్తులలో స్వర్ణకారుడు, కుమ్మరి ఇద్దరూ ఉన్నారు. శిక్షణ పాఠాలు తెలుగులో రాసేవారికి ఆ నమోదు నేరుగా పనికివస్తుంది. వెండి మన్నుతో మొదలుపెట్టే విద్యార్థిని రజను, అతుకు, కాల్పు, మెరుగు అన్న మాటలతోనే మొదలుపెడితే, ఆ తరువాత ఆమె కంసాలి అంగడికి వెళ్ళి కమ్మచ్చు గురించి అడగగలదు. పదం తెలిసినవారికే ప్రశ్న అడగడం వీలవుతుంది. అది తెలియకపోతే ఆమెకు ఆ అంగడి, ఆ అంగడికి ఆమె అపరిచితులుగానే ఉండిపోతారు.